సంగీతం అరువు, చప్పుడు సొంతం

షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్ల దగ్గర డబ్బు దాదాపు ఎప్పుడూ ఒకేచోట అయిపోతుంది: ఎడిటింగ్ ముగిసి ఆర్‌ఆర్ (రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) మొదలుకావాల్సిన చోట. కెమెరా అద్దెకీ, లైట్లకీ, అందరి భోజనాలకీ లెక్క వేసుకున్నవాళ్లు శబ్దానికి పద్దు రాసుకోరు. రఫ్ కట్ చూసుకుంటే సీన్లు బోసిగా అనిపిస్తాయి. వెంటనే ఇంటర్నెట్‌లో ‘రాయల్టీ ఫ్రీ’ అని వెతికి, దొరికిన పియానో ముక్కనో వయొలిన్ ముక్కనో తెచ్చి మొదటి షాట్ నుంచి ఆఖరి టైటిల్ దాకా పరిచేస్తారు. ఈ అధ్యాయం ఆ అలవాటు మాన్పించడానికే. డబ్బు లేని సినిమా సంగీతాన్ని బయటినుంచి తెచ్చుకోవచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు. కాకపోతే కొంచెమే తెచ్చుకోవాలి, కాగితాలతో సహా తెచ్చుకోవాలి. చప్పుళ్లు మాత్రం కథ ఏ వీధిలో జరుగుతుందో ఆ వీధిలోనే పట్టుకోవాలి. ఈ మాట గాల్లో తేలిపోకుండా, మీ కథ హైదరాబాద్‌లో, అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా ఉన్న ఆ కాస్త మేరలో జరుగుతుందనుకుని ముందుకు వెళదాం. నగరంలో ఇంత దగ్గరదగ్గరగా ఇన్ని రకాల చప్పుళ్లు వినిపించే చోట్లు ఎక్కువ లేవు.

ముందు కాగితాల సంగతి తేల్చుకోవాలి. సినిమా పాట ఒకే సొత్తులా కనిపిస్తుంది గానీ దానిమీద మూడు హక్కులుంటాయి: సాహిత్యానికి ఒకటి, బాణీకి ఒకటి, రికార్డింగ్‌కి ఒకటి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మొదటి రెండూ రచయిత, స్వరకర్త జీవించినంతకాలం, వారి తర్వాత మరో 60 ఏళ్లు నిలుస్తాయి. రికార్డింగ్ హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఆ చట్టం వచ్చిన ఏడాదే విడుదలైన ‘మాయాబజార్’నే తీసుకోండి. ఆ రికార్డింగుల గడువు 2017తో తీరిపోయింది. అలాగని పాటలు వాడేసుకోవడానికి లేదు. వాటిని రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు, కాబట్టి సాహిత్యానికి 2031 ఆఖరుదాకా రక్షణ ఉంది. ఘంటసాల 1974లో పోయారు, ఆయన బాణీలకు 2034 దాకా ఉంది. ఆ సినిమాలో కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావువి. ఆయన 1999 దాకా ఉన్నారు గనుక వాటి గడువు 2059 దాకా సాగుతుంది. పాత పాటే కదా, ఎవరడుగుతారు అనే ధీమాకి ఈ లెక్కే జవాబు.

త్యాగరాజ కృతులైతే అందరివీ కదా అని అడగవచ్చు. నిజమే, ఆయన 1847లో పరమపదించారు, కృతి మీద ఎవరికీ హక్కు లేదు. కానీ నిన్నమొన్న ఒక విద్వాంసురాలు పాడగా ఒక కంపెనీ విడుదల చేసిన రికార్డింగ్ మీద ఉంది. అన్నమయ్య దగ్గర మరో మెలిక ఉంది, చాలామంది ఇక్కడే జారిపోతారు. సాహిత్యం ఐదొందల ఏళ్ల నాటిదే అయినా, ఇవాళ మనం వింటున్న బాణీల్లో చాలావాటిని ఇరవయ్యో శతాబ్దంలో కట్టారు. వాటికి ప్రాణం పోసినవారిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1979 దాకా, నేదునూరి కృష్ణమూర్తి 2014 దాకా, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ 2025 దాకా మన మధ్యే ఉన్నారు. వారి బాణీలకు గడువు ఇంకా చాలా ఉంది. తేలికైన దారి ఒకటుంది. సంగీతం నేర్చుకున్నవాళ్లు మీ స్నేహితుల్లో ఒకరైనా ఉంటారు. వారిచేత త్యాగరాజ కృతి పల్లవి పాడించి, లేదా వీణ మీదో వయొలిన్ మీదో వాయింపజేసి, మీరే రికార్డు చేసుకోండి. సినిమాలో వాడుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు అర పేజీ రాయించి సంతకం తీసుకోండి. ఇంతకంటే శుభ్రమైన సంగీతం ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు.

ఇక రాయల్టీ ఫ్రీ. ఒకసారి రుసుము కట్టాక ఎన్నిసార్లు ప్రదర్శించినా మళ్లీ మళ్లీ చెల్లించనక్కర్లేదన్నదే దాని భావం. కొన్నిచోట్ల ఆ రుసుము సున్నా కావచ్చు. హక్కు మాత్రం స్వరపరిచినవారి దగ్గరో సంస్థ దగ్గరో అలాగే ఉంటుంది, షరతులూ ఉంటాయి. స్టాక్‌హోంలోని ఎపిడెమిక్ సౌండ్ లాంటివి చందా మీద నడుస్తాయి. అలాంటిచోట చందా ముగిశాక కొత్త సినిమాలో ఆ ట్రాక్ వాడవచ్చా లేదా అన్నది ముందే చదువుకోవాలి. క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా దొరికేవాటి పక్కన రెండక్షరాల గుర్తులుంటాయి. వాటిని చూడకుండా దిగుమతి చేసుకోకూడదు. ‘బీవై’ అంటే పేరు వేయాలి: ట్రాక్ పేరు, చేసినవారి పేరు, ఎక్కడినుంచి తెచ్చారు, ఏ లైసెన్సు, నాలుగూ టైటిల్స్‌లో కనిపించాలి. ‘ఎన్‌సీ’ అంటే వ్యాపారానికి పనికిరాదు. యూట్యూబ్‌లో ప్రకటనలు పెట్టుకున్నారంటే అది వ్యాపారం కాదని వాదించడం కష్టం. ‘ఎన్‌డీ’ అంటే మార్పులు చేయకూడదు. మేం ట్రాక్‌ని కత్తిరించలేదు, ఉన్నదున్నట్టే వేశాం అంటారు గానీ, కదిలే బొమ్మకి కాలం కుదిర్చి సంగీతాన్ని జోడించడమే మార్పు కిందికి వస్తుందని ఆ లైసెన్సులోనే రాసి ఉంది. కాబట్టి ఎన్‌డీ ట్రాక్ సినిమాకి పనికిరాదు. ‘ఎస్‌ఏ’ ఉంటే మీ సినిమాని కూడా అదే లైసెన్సు కింద వదలాల్సి వస్తుంది, రేపు ఏ ఓటీటీకో అమ్మాలనుకుంటే అది అడ్డం పడుతుంది. ఏ చిక్కూ లేనిది ‘సీసీ జీరో’ ఒక్కటే.

ఇంత గొడవెందుకు, మాది పైసా రాని సినిమా అన్నది అందరూ చెప్పే అభ్యంతరం. ముప్పై సెకన్లలోపు వాడితే తప్పు లేదని ఒకరు, కింద ‘హక్కులన్నీ యజమానులవే’ అని రాస్తే చాలని ఇంకొకరు. మన చట్టంలో ముప్పై సెకన్ల మినహాయింపు లేదు. పేరు రాయడం మర్యాద, అది అనుమతి కాదు. ఉల్లంఘనకి ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా అని చట్టం చెబుతోంది. లాభం కోసం చేయని సందర్భాల్లో శిక్ష తగ్గించే వీలు కోర్టుకి ఉంది, తప్పు మాత్రం మాసిపోదు. పెళ్లి వీడియోలు తీసేవాళ్లు తమకు మినహాయింపు ఉందనుకుంటారు. పెళ్లి ఊరేగింపులోనూ వేడుకలోనూ పాట వేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆ మినహాయింపు వేడుక జరిగే చోటికే. అదే పాటని వీడియోకి అతికించి యూట్యూబ్‌లో పెట్టడం వేరే పని. పెద్ద సంస్థలకే తిప్పలు తప్పడం లేదని గుర్తుంచుకోండి. హైదరాబాద్‌కి చెందిన మైత్రీ మూవీ మేకర్స్ 2025లో తీసిన తమిళ చిత్రం ‘గుడ్ బ్యాడ్ అగ్లీ’లో తన పాత పాటలు వాడారని ఇళయరాజా కోర్టుకెక్కారు. తాము ఆడియో కంపెనీల దగ్గర అనుమతి తీసుకున్నామని నిర్మాతలు చెప్పారు. అయినా ఆ ఏడాది సెప్టెంబరులో మద్రాస్ హైకోర్టు ఆ పాటల వాడకాన్ని నిలిపివేస్తూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. లాయర్లున్న సంస్థకే ఆ పరిస్థితి వచ్చినప్పుడు, ఏ కాగితమూ లేని కుర్రవాడు ఎవరి అండ చూసుకోవాలి?

కాగితం అంటే పెద్ద తతంగం అక్కర్లేదు. ప్రతి ట్రాక్‌కీ ఒక ఫోల్డరు, అందులో దిగుమతి చేసిన తేదీ, లంకె, ఆ రోజు ఆ పేజీ మీద కనిపించిన లైసెన్సు ఫొటో, డబ్బు కట్టి ఉంటే రసీదు. ఇంత చేసినా యూట్యూబ్ కంటెంట్ ఐడీ మీ సినిమా మీద క్లెయిమ్ వేయవచ్చు, ఎందుకంటే అది యంత్రం, ఎవరు ముందు నమోదు చేసుకుంటే వారిదే అనుకుంటుంది. అప్పుడు భయపడి ట్రాక్ తీసేయకండి. లైసెన్సు చూపించి అభ్యంతరం పెట్టండి. అవతలివాళ్లు 30 రోజుల్లో స్పందించకపోతే క్లెయిమ్ రద్దవుతుంది. ఆ ఫోల్డరు విలువ తెలిసేది ఆ రోజునే.

ఇక అసలు విషయం. సంగీతం ఎక్కడిదైనా చెవి ఒప్పుకుంటుంది. వయొలిన్ ప్రాగ్‌లో వాయించారా చెన్నైలో వాయించారా అని ప్రేక్షకుడు అడగడు. చప్పుడు అలా కాదు, దానికి ఊరు ఉంటుంది. ఉచిత శబ్ద భాండాగారాల్లో పేరున్నవి చాలావరకు యూరప్, అమెరికాల్లో పుట్టినవే. ఫ్రీసౌండ్ 2005లో బార్సిలోనాలోని ఒక విశ్వవిద్యాలయంలో మొదలైంది. బీబీసీ తన భాండాగారంలోని 30 వేలకు పైగా చప్పుళ్లను ఇంటర్నెట్‌లో పెట్టింది, అవి ఉచితమయ్యేది సొంత వాడకానికీ, చదువుకీ, పరిశోధనకే. ‘నగర వీధి’ అని వెతికితే వచ్చే రొదలో కార్ల చక్రాలు తడి రోడ్డు మీద జారే చప్పుడు ఉంటుంది, హారన్ ఉండదు. అబిడ్స్ సర్కిల్‌లో హారన్ లేని నిమిషాన్ని ఊహించగలరా? పార్కు అని వెతికితే అక్కడి పిట్టలు వినిపిస్తాయి. పబ్లిక్ గార్డెన్స్‌లో ఉండేవి కాకులు, గోరింకలు, పావురాలు, ఉడుత కిచకిచలు. కోయిల కూడా ఉంటుంది గానీ అది ఎండాకాలపు గొంతు, డిసెంబరు సీన్‌లో పెడితే తెలిసినవాళ్లకి కాలం తప్పుతుంది. తెర మీద నాంపల్లి కనిపిస్తూ చెవిలో లండన్ వినిపిస్తుంటే, ప్రేక్షకుడికి ఏది తప్పో చెప్పడం రాకపోయినా నమ్మకం మాత్రం సడలిపోతుంది.

నాంపల్లి స్టేషన్‌నే గమనించండి. పట్టాలు అక్కడితో అయిపోతాయి. ఆగకుండా దూసుకుపోయే రైలు అక్కడ ఉండదు. వచ్చే ప్రతి రైలూ నెమ్మదించి, బ్రేకులు కీచుమని, పెట్టెలు ఒకదాన్నొకటి నెట్టుకుని నిలబడుతుంది. భాండాగారంలో దొరికే రైలు చప్పుళ్లలో ఎక్కువ భాగం దూరం నుంచి వచ్చి దూరానికి పోయేవి, ఇక్కడికి అవి కుదరవు. ఆ బ్రేకుల చప్పుడు మీద తెలుగు, హిందీ, ఇంగ్లిష్ ప్రకటనలు, కూలీల కేకలు, చక్రాల పెట్టెలు గచ్చు మీద దొర్లే బరబర. స్టేషన్ బయటికొస్తే నెత్తిమీద మెట్రో. అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ మార్గం 2018 సెప్టెంబరులో మొదలైంది, అప్పటినుంచి నాంపల్లి, గాంధీభవన్ ప్రాంతాల గాలిలో ఆ పైనుంచి వచ్చే చప్పుడు కలిసింది. మీ కథ ఇవాళ్టిదైతే అది ఉండితీరాలి. కథ 1990ల నాటిదైతే అది ఒక్క క్షణం కూడా వినపడకూడదు, దాని బదులు ఎస్టీడీ బూత్‌లో బిల్లు కొట్టే యంత్రం, టైపు మిషన్ల టకటక కావాలి. జనవరిలో సీన్ అయితే ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ నుంచి నుమాయిష్ ప్రదర్శన మైకులు వినిపించాలి. సాయంత్రమైతే అజాన్ వినిపించాలి, అది ఒక్క మసీదు నుంచి రాదు, కొద్ది క్షణాల తేడాతో నాలుగు దిక్కుల నుంచి వస్తుంది. ఈ తేడాలు ఏ లైబ్రరీలోనూ దొరకవు, ఎందుకంటే వాటిని రికార్డు చేసినవాళ్లు అక్కడ నిలబడలేదు.

చప్పుడుతోనే చోటుని కట్టవచ్చని ఈ ప్రాంతమే ఎప్పుడో రుజువు చేసింది. హైదరాబాద్‌లో రేడియో 1930ల్లో పుట్టింది, అదీ అబిడ్స్ పక్కన చిరాగ్ అలీ లేన్‌లో. దక్కన్ రేడియో అనే ఆ కేంద్రమే 1950లో ఆకాశవాణి అయింది, ఇప్పటికీ పబ్లిక్ గార్డెన్స్‌కి దగ్గర్లోనే ఉంది. బొమ్మ అన్నదే లేని రేడియో నాటకంలో తలుపు గడియ, బావి గిలక, వాన, అడుగుల చప్పుడు, ఇవే ఇంటినీ ఊరినీ నిలబెట్టేవి. బొమ్మ ఉన్న మనకి ఆ పని ఇంకా సులువు కావాలి. మన ప్రేక్షకుడు గోడ నుంచి గోడ దాకా సంగీతం ఉంటే తప్ప కదలడు అన్నది రెండో అభ్యంతరం, ఇందులో కొంత నిజం ఉంది. తెలుగు సినిమా చాలాకాలం ఆర్‌ఆర్ భుజాల మీదే నడిచింది. అయితే అదే ప్రేక్షకుడు 1989లో ‘శివ’లో సైకిల్ చైన్ ఊడబెరికే సన్నివేశాన్ని ఈనాటికీ మరిచిపోలేదు, అందులో ఇనుము చప్పుడుకి ఉన్న పాలు తక్కువది కాదు. అంతకు ముందు ఏడాది బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ దొర గడిలోని బతుకుని అతి తక్కువ మాటలతో చెప్పి ఐదు జాతీయ అవార్డులు తెచ్చుకుంది. ప్రేక్షకుడికి కావలసింది సీన్ పట్టు. సంగీతం ఆ పట్టు తేలేనిచోట ఎంత పోసినా రాదు. రఫ్ కట్‌ని ఒకసారి సంగీతం అసలు లేకుండా, చప్పుళ్లు మాత్రం వేసి చూడండి. ఇక్కడ ఏదో కావాలి అని నిజంగా అనిపించిన చోట్ల గుర్తు పెట్టుకోండి. పదిహేను నిమిషాల సినిమాలో అలాంటివి మూడో నాలుగో ఉంటాయి. లైసెన్సులు చూసుకోవాల్సింది ఆ మూడు నాలుగింటికే.

చప్పుళ్లు పట్టుకోవడానికి స్టూడియో అక్కర్లేదు. చేతిలో పట్టే చిన్న రికార్డరు అద్దెకి దొరుకుతుంది, అదీ లేకపోతే ఫోన్ చాలు. గాలి నేరుగా మైకుకి తగలకుండా బొచ్చు తొడుగో, కనీసం మీ శరీరం చాటో ఉండాలి. కుదిరితే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేయండి. ఒక చోట నిలబడితే కనీసం మూడు నిమిషాలు కదలకండి, మాట్లాడకండి. ఇరవై సెకన్ల ముక్కని మళ్లీ మళ్లీ అతికిస్తే అదే హారన్ మూడుసార్లు వచ్చి దొరికిపోతారు. ముందుగా చోటు పేరు, తేదీ, సమయం నోటితో చెప్పి మొదలుపెట్టండి, ఎడిటింగ్ టేబుల్ దగ్గర అదే మీకు దిక్కు. షూటింగ్ జరిగిన ప్రతి గదిలోనూ అందరినీ నిశ్శబ్దంగా ఉంచి ఒక నిమిషం గది చప్పుడు తీసుకోండి. ఫ్యాను గాలి, ట్యూబ్‌లైటు గుయ్యిమనడం, దూరపు రోడ్డు, ఇవి డైలాగుల మధ్య కోతలని కప్పేస్తాయి. ఈ ఒక్క నిమిషం లేకే చాలా షార్ట్ ఫిల్ముల్లో మాట ఆగినప్పుడల్లా గొయ్యిలో పడ్డట్టుంటుంది. రైల్వే ఆవరణలో షూటింగ్‌కి దక్షిణ మధ్య రైల్వే అనుమతి తీసుకోవాలి, అది లేకపోతే బయటి రోడ్డు మీదినుంచి దొరికినంత తీసుకోండి. యూసుఫైన్ దర్గా దగ్గర ఖవ్వాలీ వినిపిస్తే ఆగి వినండి, పాడేవాళ్లని అడగకుండా రికార్డు చేయకండి. అది వాళ్ల కళ, చట్టమూ దాన్ని ప్రదర్శకుల హక్కుగానే చూస్తుంది. మనుషుల సొంత కబుర్లు స్పష్టంగా పడిన ముక్కల్ని కూడా వాడవద్దు.

ఈ రొదలో ఏదీ శుభ్రంగా పడదు, లైబ్రరీ చప్పుడైతే తేటగా ఉంటుంది అంటారు. దగ్గరి చప్పుళ్ల విషయంలో ఆ మాట ఒప్పుకోవాల్సిందే. తాళం తిరగడం, ఇరానీ హోటల్ కప్పు సాసరు మీద పడడం, పాత పుస్తకం పేజీ తిప్పడం లాంటివి ఇంట్లో, రాత్రి ఫ్యాను ఆపి, వస్తువుని మైకు దగ్గర పెట్టుకుని ఫోలీగా, అంటే బొమ్మకి కుదిరేలా విడిగా చప్పుడు చేసి రికార్డు చేసుకోండి. తుపాకీ, పేలుడు, పిడుగు లాంటివి లైబ్రరీ నుంచే తెచ్చుకోండి, తప్పులేదు. అప్పుడు కూడా మరీ ప్రసిద్ధమైనవి వద్దు. 1951 నాటి ఒక హాలీవుడ్ సినిమా కోసం తీసిన విల్‌హెల్మ్ అరుపు వందల సినిమాల్లో తిరిగి తిరిగి, ఇప్పుడు వినగానే పాత్ర చచ్చిపోయిందన్న బాధ పోయి గుర్తుపట్టిన సరదా మిగులుతుంది. వీధి గాలి మాత్రం మీదే కావాలి. ఈ మధ్య కృత్రిమ మేధతో సంగీతం చేయించుకోవచ్చు కదా అనేవాళ్లు పెరిగారు. చేయించుకోవచ్చు, కానీ అక్కడా షరతులుంటాయి. ఉచిత ఖాతాలో చేసినదానికి వ్యాపార హక్కు ఇస్తున్నారా లేదా అని చదవాలి, ఆ పేజీనీ ఫోల్డరులో పెట్టాలి. యంత్రం చేసిన బాణీకి కర్త ఎవరన్నది మన చట్టంలో ఇంకా తేలలేదు గనుక, దానిమీద మీకే ఏకైక హక్కు ఉందని ఎవరికీ రాసివ్వకండి.

అన్నీ చేరాక మిక్సింగ్‌లో మాటకే పెద్దపీట. డైలాగుని ముందు సరిచేసి, దాని చుట్టూ చప్పుళ్లు అమర్చి, సంగీతాన్ని చివర వేయండి. చాలామంది దీన్ని తలకిందులు చేసి, సంగీతం ఎత్తులో మాటల్ని ముంచేస్తారు. యూట్యూబ్ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్ద తీవ్రత కొలిచే ప్రమాణం) కంటే బిగ్గరగా ఉన్నదాన్ని తనే తగ్గిస్తుంది, కాబట్టి అరిపించి లాభం లేదు. ఇయర్‌ఫోన్లలో ఒకసారి, ఫోన్ స్పీకర్‌లో ఒకసారి, వీలైతే పెద్ద గదిలో ఒకసారి వినండి. ఫోన్‌లో మాట అర్థం కాకపోతే మిక్స్ అయిపోనట్టే.

ఈ ఆదివారం పొద్దున్నే అబిడ్స్ వెళ్లండి. ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరిచే వేళకి చేరితే రద్దీ పెరగకముందు, పెరిగాక రెండు రకాల గాలీ దొరుకుతుంది. జీపీఓ నుంచి నాంపల్లి స్టేషన్ నడిచి వెళ్లగలిగిన దూరమే. దారిలో నాలుగు చోట్ల ఆగి, ఒక్కోచోట మూడు నిమిషాలు రికార్డు చేయండి. ట్రాకుల కోసం వెతకడం సోమవారం పెట్టుకోండి.